క్రైస్తవమున మాటలాడుట: ఒక స్పానిషు నానుడి పూర్వచరిత్ర

స్పెయినుదేశమున ఇరువురు ముచ్చటించుకొనుచుండగా ఒకరి పలుకు రెండవవారికి బోధపడనప్పుడు, ఆ పలుకు పొరుగుభాషయే యగుగాక, న్యాయస్థానపు కాగితములలోని కఠిన పరిభాషయే యగుగాక, వినువారి నోట అప్రయత్నముగ వెలువడు మాట యొకటి కలదు: ‘ఆబ్లా ఎన్ క్రిస్తియానో’. క్రైస్తవమున మాటలాడుమని దాని యక్షరార్థము. తెలియునట్లు చెప్పుమనియు, స్పానిషులో చెప్పుమనియు వ్యవహారమున దానికి రెండర్థములు చెల్లుచున్నవి. మన పల్లెలలో పెద్దలు ఉర్దూను ‘తురకము’ అని వాడుకగా పిలుచుట ఎరిగినవారికి భాషను మతము పేరున వ్యవహరించుట వింతగా తోపదు. కాని మనవారు ఆ పేరును పరులభాషకు పెట్టిరి. స్పెయినువారు తమ మతము పేరును తమ భాషకే పెట్టుకొనిరి. ఇట్లు పెట్టుకొనుటకు వారిని ప్రేరేపించిన చరిత్ర మిక్కిలి దీర్ఘమైనది, పెక్కుచోట్ల దుఃఖకరమైనది కూడ.

క్రీ.శ. 711లో ముస్లిముసేనలు జిబ్రాల్టరు జలసంధిని దాటి ఐబీరియా ద్వీపకల్పమున అడుగిడిన నాటినుండి, 1492 జనవరి 2వ తేదీన గ్రనాడానగరము కస్తీలియారాణి ఇసబెల్లాకును ఆమె భర్తయగు అరగానురాజు ఫెర్నాండోకును వశమగువరకు, దాదాపు ఎనిమిది శతాబ్దులకాలము ఆ భూభాగమున లాటినునుండి పుట్టిన దేశభాషలును, అరబ్బీయును, యూదుల హీబ్రూయును ఒక్క వీథిలోనే వినబడుచుండెను. ఒక్కొక మతమువారు ఒక్కొక భాషకు కట్టుపడి యుండిరని తలచితిమేని ఆ కాలమును మన మెరుగనట్లే. తొలేడోనగరము క్రైస్తవరాజుల చేతికి వచ్చి నూరేండ్లు గడచినపిదప కూడ అచటి క్రైస్తవులు పలువురు తమ ఇండ్లు, ద్రాక్షతోటలు అమ్ముకొను దస్తావేజులను అరబ్బీలోనే వ్రాయించుకొనుచుండిరి. శిలువకు మ్రొక్కినవాడు అరబ్బీలో బేరమాడుటయు, మసీదునకు పోవువాడు లాటినుపుట్టువు భాషలో పొరుగువానిని పలుకరించుటయు నాటి లోకవ్యవహారము.

ఆ వ్యవహారము రెండు మాటలను మిగిల్చినది. అరబ్బులు తమభాషను ‘అల్ అరబియ్యా’ అందురు. అదే స్పానిషునోట ‘అల్గరబీయా’ అయినది. మొదట దాని యర్థము అరబ్బీభాష యనియే. క్రమక్రమముగ బోధపడని పలుకు అనియు, తుదకు సంతలో పలువురు ఒక్కమారు అరచునట్టి గోల అనియు దాని యర్థము దిగజారినది. నేటి స్పానిషుతల్లి ఇంట అల్లరిచేయు పిల్లలనుద్దేశించి ఈ మాట ననునప్పుడు అరబ్బీభాషను తలచుట లేదు. దీనికి జోడుమాట ‘అల్హమీయా’. అరబ్బులు తమవికాని భాషల నన్నిటిని ‘అజమియ్యా’ అని వ్యవహరించిరి గదా, అండలూసియాలో ఆ పేరు పొరుగున నున్న క్రైస్తవుల దేశభాషకు దక్కినది. అనగా స్పానిషువానికి అరబ్బీ యెంత పరాయిదో, అరబ్బుకు స్పానిషు అంత పరాయిదన్న మాట. ఈ రెండు మాటలను పక్కపక్కన నుంచి చూచినగాని ‘క్రైస్తవమున మాటలాడు’ మను నానుడి ఏ సరిహద్దున పుట్టినదో తెలియదు.

ఆ సరిహద్దును అటునుండి ఇటు దాటగలవాని కొక పేరు కావలసివచ్చెను. సిద్ అను కస్తీలియావీరుని గాథయందు ఒక ఘట్టము కలదు. కర్రియోను రాజకుమారులు తమ కాతిథ్యమిచ్చిన అబెన్‌గల్బోన్ అను ముస్లిముప్రభువును చంపి అతని సొత్తు హరింపవలెనని తమలో తాము మంతనమాడుచుండగా, ఆ ప్రభువు పరివారములోని యొకడు ఆ మాటలన్నియు గ్రహించి ఏలికకు విన్నవించును. అతడెట్లు గ్రహించెను? కవి యతనిని ‘లాటిను తెలిసిన మూరు’, అనగా ముస్లిము, అని పేర్కొనినాడు. ఆ కాలమున లాటిననగా పండితుల లాటిను మాత్రమే కాదు, వీథిలోని దేశభాష కూడ. ఆ విశేషణమే మరియొక రూపమున ‘లదీనో’ అయి, రెండు భాషలు నేర్చిన ముస్లిమునకు పేరైనది. ఒకని ప్రాణమును కాపాడిన నేర్పునకు పెట్టిన ఈ పేరునకు నేటి స్పానిషులో జిత్తులమారి యను అర్థము స్థిరపడుట నన్నెంతయు నొప్పించును. రెండు పక్షముల మాట తెలిసినవానిని ఏ పక్షమును పూర్తిగ నమ్మదు కాబోలు.

క్రైస్తవులలో సామాన్యులు మాటలాడు భాషకు ‘రొమాన్సె’ యనునది తొలిపేరు. రోమీయుల రీతిగ పలుకుట యని దాని మూలార్థము. 13వ శతాబ్దిలో రియోహా ప్రాంతపు సాన్ మిల్యాన్ మఠముతో సంబంధము గల గొన్సాలో దె బెర్సేయో అను కవి, పండితుల లాటినును వీడి, ఇరుగుపొరుగువారు మాటలాడుకొను భాషలో కావ్యము చెప్పెదనని ప్రతిజ్ఞచేసి దానికి ‘రొమాన్ పలదీనో’ అని పేరుపెట్టెను. ఈ రెండు మాటలు నేటికిని దాపరికములేని తేటపలుకునకు పర్యాయముగ వాడుకలో నున్నవి. ఆ శతాబ్దిలోనే 1252 మొదలు 1284 వరకు రాజ్యమేలిన పదవ అల్ఫోన్సో న్యాయశాస్త్రమును, ఖగోళమును, చరిత్రను, చదరంగమును కూడ కస్తీలియనులో, అనగా నేడు స్పానిషు అనబడు కస్తీలియాభాషలో, వ్రాయించెను. ఆయన కొలువున యూదుపండితులు అరబ్బీగ్రంథములనుండి తెచ్చిన యర్థమును క్రైస్తవలేఖకులు దేశభాషలో కూర్చుచుండిరి. కస్తీలియను వచనము కాళ్లపై నిలుచుటకు మూడుమతముల వారును ఊతమిచ్చిరని చెప్పుట అతిశయోక్తి కాదు. అట్టి భాషకు ఒక్క మతము పేరే మిగులుట అన్యాయమని నే ననుకొందును.

ఇక 1492. జనవరిలో గ్రనాడా పతనము. మార్చి 31న యూదుల దేశబహిష్కారశాసనము. ఆగస్టు 18న సలమాంకాలో అంతోనియో దె నెబ్రీహా పండితుని కస్తీలియను వ్యాకరణ ప్రచురణము. నెబ్రీహా తన పీఠికయందు రాణితో జరిగిన సంభాషణ యొకటి వ్రాసియున్నాడు. వ్యాకరణపు మాదిరిని చూపగా దీనివలన ప్రయోజనమేమని రాణి యడిగెనట. నెబ్రీహా నోరు విప్పకమునుపే ఆవిలా బిషపు ప్రత్యుత్తరమిచ్చెనట. రాణిగారు పరభాషలాడు జాతుల ననేకముల జయించినపిదప, జేత విధించు శాసనములతోపాటు జేతభాషను కూడ వారు స్వీకరింపవలసి యుండును గనుక, అపుడీ వ్యాకరణము వారికి ఉపకరించునని ఆ యుత్తరపు సారాంశము. భాష సామ్రాజ్యమునకు తోడునీడ యను భావము ఆ పీఠికతోనే లోకప్రసిద్ధమైనది.

ఆ మాటన్న బిషపు పేరు ఎర్నాందో దె తలవేరా. ఆయన నోట ఆ మాట చదివినవారు ఆయనను కఠినుడని భావించుట సహజము. కాని మరి కొన్నినెలలలోనే ఆయన గ్రనాడాకు మొదటి ఆర్చిబిషపై ఏమి చేసెనో చూడవలెను. ఓడిన ముస్లిములకు కస్తీలియను నేర్పుటకు మారుగ, తన మతాచార్యులకు అరబ్బీ నేర్పించుటకు ఆయన పూనుకొనెను. తానును వృద్ధాప్యమున ఆ భాష నేర్వ యత్నించెను. ఆయన ప్రోత్సాహమున పెద్రో దె అల్కలా అను మతాచార్యుడు రచించిన అరబ్బీ వ్యాకరణమును, కస్తీలియను లిపిలో అరబ్బీమాటల కూర్చిన నిఘంటువును 1505లో గ్రనాడాలోనే అచ్చుపడినవి. పండితుల యరబ్బీని కాక గ్రనాడావీథులలోని వాడుకయరబ్బీని ఆ నిఘంటువు పట్టుకొన్నందున, ఆ నగరవాసుల పలుకుతీరు నెరుగుటకు నేటికిని చరిత్రకారులు దానినే యాశ్రయింతురు. కొలువులో సామ్రాజ్యభాషను గూర్చి పలికిన నోరే మనుష్యుల నడుమ నిలిచినప్పుడు వారి భాషను నేర్చికొనుటకు సిద్ధపడినది. ఆ రెండవ తలవేరాయే నాకు పూజ్యుడు.

ఆయన మార్గము నిలువలేదు. 1499లో సిస్నెరోస్ అను మరియొక ఆర్చిబిషపు గ్రనాడాకు వచ్చి మూకుమ్మడి మతాంతరీకరణము సాగించెను. బిబ్ రంబ్లా చౌకులో అరబ్బీగ్రంథములు తగులబడెను. వైద్యగ్రంథములు కొన్నిమాత్రము దక్కెను. తలవేరాబంధువులనే మతవిచారణసభ చెరబట్టెను. 1507లో ఆ వృద్ధుడు కన్నుమూసెను. బలవంతముగ క్రైస్తవులైన ఆ ముస్లిముల నప్పటినుండి ‘మొరిస్కో’ లనిరి. జ్ఞానస్నానము పొంది, క్రైస్తవనామములు దాల్చి, గుడికి పోవుచున్నను వారింట మాట అరబ్బీయే. ‘క్రైస్తవము’ భాషకు పేరైనప్పుడు పుట్టు చిక్కంతయు ఇచటనే బయటపడినది: వీరు క్రైస్తవులు, కాని క్రైస్తవమున మాటలాడరు!

ఈ చిక్కును రెండవ ఫిలిప్పురాజు శాసనముచే విప్పదలచెను. గ్రనాడా లొంగిన దినము తలపునకు వచ్చునట్లు 1567 జనవరి 1వ తేదీన ప్రకటింపబడిన ఆ శాసనము మొరిస్కోలకు మూడేండ్లు గడువిచ్చెను. ఆలోపల అందరును కస్తీలియను నేర్వవలెను. ఆపైన ఇంటగాని, బయటగాని అరబ్బీ మాటలాడరాదు, చదువరాదు, వ్రాయరాదు. అరబ్బీలో వ్రాసిన ఒడంబడికలు చెల్లవు. వేషము, స్త్రీల ముసుగు, స్నానశాలలు, వంశనామములు సైతము నిషిద్ధములైనవి.

అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలేయ్ అను వృద్ధమొరిస్కో గ్రనాడా ఉన్నతన్యాయస్థానాధ్యక్షుడగు పెద్రో దె దేసాకు ఒక విజ్ఞప్తి సమర్పించెను. ఈయన బాల్యమున తలవేరా ఆర్చిబిషపు కొలువున పరిచారకుడుగ నుండినవాడు. ఆయన వెంట అల్పుహర్రాస్ కొండపల్లెలు తిరిగినవాడు. తలవేరా ప్రార్థన జరిపించుచోట ఆర్గనువాద్యమునకు మారుగ మొరిస్కోల జంబ్రా మేళము వాయించుటయు, ప్రార్థనలో కొన్ని యరబ్బీమాటలు పలుకుటయు తాను కన్నులార చూచితినని ఈ వృద్ధుడు అరువదియేండ్లకుపైన గడచినపిదప జ్ఞాపకముచేసెను. భాషకును మతమునకును ముడిలేదని యతని ప్రధానవాదము. జెరూసలేములోని క్రైస్తవులు, ఈజిప్టు సిరియాలలోని క్రైస్తవులు అరబ్బీయే మాటలాడుచు వ్రాయుచు నున్నారు. మాల్టాద్వీపవాసులు క్యాథొలిక్కులై యుండియు అరబ్బీమాటయే పలుకుదురు. వారి విశ్వాసమున కేలోటు వచ్చెనని అతడు ప్రశ్నించెను. కొండలలో పుట్టి, కస్తీలియను వినియైన నెరుగని ముదుసళ్లు నోటి భాషను మూడేండ్లలో ఎట్లు మార్చుకొందురు? వారికెవరు నేర్పుదురు? భూముల హక్కుపత్రములన్నియు అరబ్బీలో నుండగా వానిని చెల్లకుండజేసిన తమ సొత్తునకు దిక్కేది? ఇట్లు వాదమంతయు కోపములేక, ప్రార్థనాపూర్వకముగ, ఇంటి యజమాని లెక్క చెప్పినంత స్పష్టముగ సాగును. స్పానిషులో భాషాస్వేచ్ఛను గూర్చి వెలువడిన వ్రాతలలో దీనికి సరితూగునది అరుదు. విశేషమేమనగా అతడు వ్రాసినది కస్తీలియనులోనే. ‘క్రైస్తవము’ననే అతడు అరబ్బీకి అభయము కోరెను.

విజ్ఞప్తి ఫలింపలేదు. 1568 క్రిస్మసునాడు అల్పుహర్రాస్ కొండలు తిరుగబడెను. 1571నాటికి తిరుగుబాటు అణగినది. గ్రనాడామొరిస్కోలను వేలకొలదిగ శీతకాలపు బాటల వెంట కస్తీలియా ఊళ్లకు తోలిరి. తుదకు 1609 మొదలు 1614 వరకు స్పెయినులోని మొరిస్కోలందరిని, సుమారు 3 లక్షల మందిని, ఓడల కెక్కించి ఉత్తరాఫ్రికాతీరమునకు వెడలగొట్టిరి.

ఈ బహిష్కారమునకు నాలుగేండ్లముందు, 1605లో, సెర్వాంటిస్ ‘డాన్ క్విక్సోట్’ ప్రథమభాగమును ప్రకటించెను. ఎనిమిదవ అధ్యాయపు తుదిని కథ సగములో తెగిపోవును. తొమ్మిదవ అధ్యాయమున చెప్పువాడు తొలేడోలోని అల్కనా అంగళ్లవీథిలో తిరుగుచుండగా ఒక కుర్రవాడు పాతకాగితములు అమ్మజూపును. చేతికి తీసికొని చూడగా అరబ్బీలిపి. చదువలేక, చదివిపెట్టు ‘అల్హమీయా’ యెరిగిన మొరిస్కో ఎవడైన దొరకునాయని అటునిటు చూచును. దొరకుట కష్టము కాలేదట. అంతకంటె ప్రాచీనభాషకు దుబాసీ కావలెనన్నను ఆ వీథిలో దొరకునని హీబ్రూను సూచించుచు ఒక మాట కూడ ననును. మొరిస్కోకు జీతము రెండు అరోబాలు, అనగా సుమారు 23 కిలోలు, ఎండుద్రాక్షయు, రెండు ఫనేగాల గోధుమలును. నెలన్నరపైచిలుకు కాలములో, చెప్పువాని యింటనే కూర్చుండి అతడు గ్రంథమంతయు కస్తీలియనులోనికి తెచ్చును. ఇది కల్పనయే. అయినను కస్తీలియను సాహిత్యకిరీటమనదగిన గ్రంథమునకు మూలము అరబ్బీయని, అనువాదకుడు మొరిస్కోయని కల్పించుటకు, వారిని దేశమునుండి తరుమవలెనన్న మాట వినవచ్చుచున్న ఆ దినములలో, ఎంతటి హృదయము కావలెనో యోచింపుడు.

ఆ ‘అల్హమీయా’ పేరే మరొక వాఙ్మయమునకు దక్కినది. అరబ్బీ మరచిన అరగాను మొరిస్కోలు తమ ప్రార్థనలు, ప్రవక్తలకథలు, వైద్యమంత్రములు స్పానిషుభాషలోనే వ్రాసికొని, లిపిమాత్రము అరబ్బీది వాడిరి. బహిష్కారకాలమున కొందరు వానిని గోడలలోను అటకలలోను దాచిపోయిరి. 1884లో అల్మొనసీద్ దె లా సియెర్రా అను ఊర ఒక పాతయిల్లు పడగొట్టుచుండగా దొంగనేల క్రింద అట్టి వ్రాతప్రతులు గుట్టగ బయల్పడెను. చూచినవారి కవి అరబ్బీపుస్తకములు. బిగ్గరగ చదివి వినిపించినచో ఏ స్పానిషుపల్లెటూరివానికైనను బోధపడు మాటలు.

అట్లాంటిక్కు దాటిన కస్తీలియను వెంట ఈ పేర్లన్నియు ప్రయాణమైనవి. స్పానిషు నేర్చిన ఆదివాసిని, స్పానిషు నేర్చిన ఆఫ్రికాబానిసను ‘లదీనో’ అనిరి. అప్పుడే ఓడ దిగినవానిని ‘బొసాల్’ అనిరి. నేటికిని గ్వాటెమాలాలో మాయాతెగలకు చెందనివారిపేరు లదీనోలే. 1596లో తన మంత్రిమండలి ఆదివాసులందరికి బలిమిని కస్తీలియను నేర్పింపవలెనన్నప్పుడు, ముప్పదియేండ్లనాడు గ్రనాడాకు శాసనమిచ్చిన ఆ ఫిలిప్పురాజే, వారిచే వారి సహజభాషను వదలించుట యుచితము కాదనియు, ఇచ్ఛగలవారికి నేర్పువారిని నియమింపుడనియు నిర్ణయించెను. వార్ధక్యము నేర్పినదో, సముద్రదూరము నేర్పినదో కాని ఆ నిర్ణయము కొంతకాలము నిలిచినది. 1770లో మూడవ కార్లోస్ దానిని త్రోసివైచి, అమెరికాలో తక్కిన భాషలు నశించి కస్తీలియనొక్కటే మిగులవలెనని శాసించెను.

స్వదేశమున ఆ నానుడి కొత్తపొరుగువారిని వెదకికొనెను. బాస్కులభాషకు స్పానిషులో గల ‘వస్కువెన్సె’ అను పేరు తికమకపలుకునకు పర్యాయమైనది. గ్రీకుభాషకు గల ‘గ్రియేగో’ అను పేరునుండి ‘గ్రింగో’ పుట్టినదందురు. 18వ శతాబ్దిలో తెర్రెరోస్ కూర్చిన నిఘంటువు మాలగాలో కస్తీలియను తిన్నగ పలుకలేని పరదేశులను, మాద్రిదులో ముఖ్యముగ ఐర్లండువారిని ఇట్లు పిలుతురని చెప్పుచున్నది. బాస్కుసీమ బడులలో తల్లిభాష మాటలాడిన బాలుని చేతికొక ఉంగరమిచ్చెడివారు. వాడు మరియొక బాలుడు బాస్కు పలుకగా పట్టుకొని వానికి దానిని అంటగట్టవలెను. చివర నెవని చేతనుండునో వానికి దెబ్బలు. పసివారిని ఒండొరులపై వేగులుగ నియమించిన ఈ పద్ధతి ఏ శాసనముకంటెను క్రూరమైనది. 1939లో అంతర్యుద్ధము ముగిసి ఫ్రాంకో అధికారమునకు వచ్చినపిదప కెటలాను, బాస్కు, గలీసియను భాషలు బడులనుండి కచేరీలనుండి తొలగెను. సామ్రాజ్యభాషను మాటలాడుమను ప్రకటనలు గోడలపై వెలసెను. నాలుగున్నర శతాబ్దులకు పూర్వపు నెబ్రీహా పీఠికలోని మాటయే, సామ్రాజ్యము పోయినపిదప గోడకెక్కెను. టెలిఫోనులో తల్లితో కెటలానులో మాటలాడువానిని పక్కనున్నవాడు ‘ఆబ్లా ఎన్ క్రిస్తియానో’ అని గద్దించుట, ఆ కాలమును గడపినవారికి మరపురాని యనుభవము. గద్దింపబడినవాడును క్రైస్తవుడే యనునది ఎవరికిని తట్టలేదు. 1978 రాజ్యాంగపు మూడవ ప్రకరణము కస్తీలియనును రాజ్యమంతటికిని, తక్కిన స్పెయినుభాషలను వాని వాని సీమలలోను అధికారభాషలుగ అంగీకరించినది.

ఇంతకును ఈ ‘క్రైస్తవ’భాషను దేశమునుండి గొనిపోయిన క్రైస్తవేతరులు మరియొకరు కలరు. 1492లో వెడలగొట్టబడిన యూదులు సలోనికాలోను, ఇస్తాంబులులోను, ఇజ్మీరులోను కాపురములు పెట్టి, చుట్టును తుర్కీ, గ్రీకు మ్రోగుచుండగా నాలుగువందలయేండ్లు ఇంట స్పానిషే మాటలాడిరి. స్పెయినువాడు నేడు ‘దిహె’ అనుచోట వారు పాతయుచ్చారణముననే ‘దిషె’ అందురు. హీబ్రూలిపిలో వ్రాసిరి, ఆ లిపిలోనే వార్తాపత్రికలు నడపిరి. ఆ భాషకు వారు లదీనో యనియు, ‘జుదెజ్మో’ యనియు పేరుపెట్టిరి. జుదెజ్మో యనగా యూదుతనము, యూదుల మాట. కస్తీలియాలో ఏ పలుకు క్రైస్తవమో, సలోనికా రేవులో ఆ పలుకే యూదుమతము. అరగాను అటకలో ఆ పలుకే అల్లాను స్తుతించినది. 1943లో నాజీలు సలోనికాయూదులను ఆష్‌విట్జు చంపుడుశిబిరమునకు పంపిరి. ఒక్క నగరమునుండియే 45 వేలమందికి పైగా పోయిరి. వారితోపాటు ఆ రేవులోని స్పానిషును పోయినది.

2015లో స్పెయినుపార్లమెంటు ఆ బహిష్కృతుల సంతతివారికి పౌరసత్వమిచ్చు చట్టమొకటి చేసెను. దరఖాస్తు పెట్టుకొనువారు నేటి స్పానిషులో ఒక పరీక్ష తేరవలసియుండెను. డెబ్బదియేండ్లు దాటినవారికి మాత్రము మినహాయింపు. తమ పూర్వులు స్పెయినువారని నిరూపించుటకు ఆ చట్టమంగీకరించిన సాక్ష్యములలో, ఇంట లదీనో మాటలాడుచుండుట యొకటి.